మీకు తెలుసా? మాత్రలో పీచుమిఠాయి రహస్యం!

ఇట్రాకోనజోల్ పేరు విన్నారా? తామర లాంటి ఫంగస్ జబ్బులకు వాడే మందు. ఒక్కో క్యాప్సూల్‌లో చిటికెడు పొడే. ఆ చిటికెడూ మామూలు నీళ్లలో పూర్తిగా కరగాలంటే ఎన్ని నీళ్లు కావాలో చెప్పుకోండి చూద్దాం! దాదాపు 1,00,000 లీటర్లు! పెద్ద పెద్ద ట్యాంకర్లు వరసగా నిలబడాల్సిందే!

మరి పొట్టలో ఎలా కరుగుతోంది? పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే ఎంతసేపటికీ కరగదు. పీచుమిఠాయి? నాలుక మీద పెట్టీ పెట్టగానే మాయం! రెండూ పంచదారే! ఒకదాంట్లో అణువులు వరసలు కట్టి బిగుసుకున్నాయి, ఇంకోదాంట్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఈ మందునూ అలాగే చెదరగొట్టారు! హైప్రోమెల్లోజ్ అనే నీళ్లలో కరిగే పాలిమర్‌తో కలిపి, బుల్లి బుల్లి చక్కెర గుళికల మీద పూత పూశారు. అమెరికాలో 1992లోనే అనుమతి వచ్చింది!

నిజంగా చెదిరిందా? కంటికి తెలియదు! అందుకే పొడికి ఎక్స్-రే తీస్తారు. స్ఫటికాలుంటే గ్రాఫ్‌లో సూదుల్లాంటి మొనలు లేస్తాయి. లేకుంటే ఒకటే మెత్తటి దిబ్బ! కానీ ఈ స్ఫటికాల దొంగలు మహా గడుసువాళ్లు. నూటికి 1 వంతే దాక్కుంటే మామూలు ఎక్స్-రేకి చాలాసార్లు చిక్కరు!

అప్పుడు వేడి చేసి చూస్తారు. చెదిరిన మందు గాజు లాంటిది. ఒక వేడి దగ్గర మెత్తబడుతుంది. నొప్పుల మందు ఇండోమెథాసిన్ అయితే సుమారు 42 డిగ్రీలకే! మన రోహిణి కార్తె ఎండ చాలు! పాలిమర్ అంత తేలిగ్గా లొంగదు. రెండూ కలిసిపోతే మెత్తబడేది ఒక్కసారే. రెండుసార్లు మెత్తబడిందా? లోపల విడిపోయాయన్నమాట!

అణువులను అయస్కాంతంతో పరీక్షించే ఎన్‌ఎంఆర్ యంత్రం ఇంకా లోతుకు వెళ్తుంది. మందు 20 నానోమీటర్ల గడ్డ కట్టినా పసిగడుతుంది! వెంట్రుక మందంలో అది వెయ్యో వంతు కూడా కాదు!

ఇంత ఆరా ఎందుకంటారా? హెచ్‌ఐవీ మందు రిటోనవిర్ సంగతి వినండి. 1998లో దాని క్యాప్సూళ్లలో అంతకుముందు ఎవరూ చూడని కొత్త స్ఫటికం పుట్టింది! అది సరిగా కరగదు. క్యాప్సూళ్లు బజారు నుంచి వెనక్కి! ప్రాణం నిలబెట్టే మందు అది!

తర్వాత ఆ మందునే లోపినవిర్ అనే మరో హెచ్‌ఐవీ మందుతో జతచేసి, కోపోవిడోన్ అనే పాలిమర్‌లో వేడి మీద కలిపి మాత్ర చేశారు. ఆ జంట మందుకు రోజూ 6 క్యాప్సూళ్లు మింగినవాళ్లకు 4 మాత్రలే సరిపోయాయి! అన్నట్టు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. గూట్లో పెట్టుకోవచ్చు!