హిస్టరీ డిగ్రీ: మైనర్ ఎంపికే కీలకం



ఇంటర్ అయ్యాక మీ అమ్మాయో అబ్బాయో "బీఏ హిస్టరీ చదువుతా" అంటే "మరి ఉద్యోగం?" అని అడగడం సహజమే. జవాబు చాలావరకు హిస్టరీతో పాటు ఏం చదువుతారన్న దానిలో ఉంది.

మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. అంతకుముందు హెచ్‌ఈపీ గ్రూపులో హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానం. ఈ విధానంలో ఒకటే మేజర్, తోడుగా ఒక మైనర్. స్నేహితులు తీసుకున్నారని మైనర్ తీసుకోకూడదు. సివిల్స్ ఆలోచన ఉంటే పొలిటికల్ సైన్స్ లేదా ఎకనామిక్స్, పరిశోధన వైపైతే తెలుగు లేదా సంస్కృతం మేలు.

మన మంగళగిరినే చూడండి. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీడును జయించిన సంగతి ఇక్కడి శాసనంలో ఉంది. అది చదవాలంటే తేదీలు బట్టీ పడితే చాలదు, పాత లిపి, భాష రావాలి.

మార్కుల సంగతీ మొదటి నుంచే చూసుకోవాలి. యూజీసీ 2022 విధానం ప్రకారం నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. ఫైనలియర్‌లో మేల్కొంటే ఆ దారి మూసుకుపోవచ్చు.

అడ్మిషన్‌కు ముందు కాలేజీని మూడు ప్రశ్నలు అడగండి:

1. ఈ ఏడాది నిబంధనలేమిటి, ఏయే మైనర్లకు అధ్యాపకులున్నారు?
2. నాలుగో ఏడాది ఇక్కడే చదవవచ్చా?
3. ఇంటర్న్‌షిప్‌కు ఎక్కడికి పంపుతారు?

ఆ జవాబులు ముందు పెట్టుకుని, పిల్లలతో కలిసి కూర్చుని నిర్ణయించండి.