కంప్యూటరు చెప్పుచేతలలోని కార్బ్యురేటరు - పెద్ద యంత్రమునకు కుదుర్చు విధము



కిరసనాయిలు దీపము వెలిగించి యెఱిగినవారికి నేటి విషయము సగము తెలిసినదే. వత్తి మితిమీఱి పెంచినచో చిమ్నీకి మసిపట్టును. మిక్కిలి తగ్గించినచో మంట రెపరెపలాడి ఆఱిపోవును. మోటారు బండి కడుపులో జరుగునదియు నిట్టిదే. అందు పెట్రోలును గాలితో కలిపి యంత్రమునకు అందించు సాధనమునకు కార్బ్యురేటరని పేరు. బరువు ననుసరించి లెక్కించినచో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు 14.7 పాళ్ల గాలి వలయును. పరిమాణము ననుసరించి చూచినచో ఒక లీటరు పెట్రోలు సుమారు 9,000 లీటర్ల గాలిని మ్రింగును! గాలి హెచ్చైన మిశ్రమమును పలుచనిదనియు, పెట్రోలు హెచ్చైనదానిని చిక్కనిదనియు ఈ ప్రసంగమున వాడెదను.

అమెరికా దేశమున 1970వ సంవత్సరపు స్వచ్ఛవాయు శాసనము మోటారు బండ్ల పొగలోని విషములను నూటికి తొంబది వంతులు తగ్గింపవలెనని విధించినది. 1975 నమూనా బండ్లు మొదలుకొని పొగగొట్టమున ఉత్ప్రేరక పాత్ర నొకదానిని అమర్చసాగిరి. పిదప వచ్చిన త్రివిధ ఉత్ప్రేరకము కాలని పెట్రోలు ఆవిరిని, కార్బన్ మోనాక్సైడును, నత్రజని ఆక్సైడులను ఏకకాలమున హరింపగలదు. అయితే మిశ్రమము 14.7 పాళ్లకు అతి సమీపమున నిలిచినప్పుడే దానికి ఆ శక్తి. వట్టి ఇత్తడి జెట్టులతో, స్ప్రింగులతో పనిచేయు కార్బ్యురేటరునకు అంతటి నిలుకడ అలవి కాదు. కాబట్టి జనరల్ మోటార్స్ వారు 1981 నమూనా బండ్లకు కంప్యూటర్ కమాండ్ కంట్రోల్ అను ఏర్పాటును తెచ్చి, కార్బ్యురేటరును ఒక చిన్న కంప్యూటరు చెప్పుచేతలలో నుంచిరి. ఇది కొన్ని బండ్లలో 1990 నమూనా వఱకును సాగినది.

ఆ కార్బ్యురేటరు రాచెస్టర్ క్వాడ్రాజెట్. 1965 నాటినుండి వాడుకలో నున్నదానినే కంప్యూటరునకు అనుకూలముగా మార్చిరి. దానికి నాలుగు గొట్టములు. ముందటి రెండు చిన్నవి. నిత్యప్రయాణము వీనితోనే గడచును. వెనుకటి రెండు పెద్దవి. చోదకుడు యాక్సిలరేటరును బలముగా అదిమినప్పుడు మాత్రమే తెఱచుకొనును. ముందటి గొట్టములకు పెట్రోలు నందించు జెట్టులలో రెండు సన్నని కడ్డీలు వ్రేలాడుచుండును. కడ్డీ దిగినచో రంధ్రము ఇఱుకై మిశ్రమము పలుచనగును, లేచినచో చిక్కనగును. ఈ కడ్డీలను ఒక సొలినాయిడు, అనగా విద్యుత్తు పాఱినప్పుడు అయస్కాంతమై లాగెడి తీగచుట్ట, సెకనునకు పది మాఱులు క్రిందికి లాగి విడుచుచుండును. ప్రతి మాఱును ఎంతసేపు లాగి పట్టవలెనో నిర్ణయించునది కంప్యూటరు. తీగ తెగినచో స్ప్రింగు కడ్డీలను పైకెత్తి యుంచును; అప్పుడు బండి నల్లని పొగ క్రక్కుచునైనను ఇల్లు చేరును. ఇది నిర్మాతల దూరదృష్టి.

కంప్యూటరునకు కన్ను వంటిది ఆక్సిజను సెన్సారు. జిర్కోనియా పింగాణితో చేసిన యీ చిన్న వస్తువు పొగగొట్టమున నాటబడి, 315 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కెక్కిన పిమ్మట పలుకసాగును. పొగలో ఆక్సిజను మిగిలియున్నచో 0.1 వోల్టు ప్రాంతమును, మిగులనిచో 0.9 వోల్టు ప్రాంతమును చూపును. కంప్యూటరు దానిని చూచి, పలుచనైనచో కడ్డీ లాగు కాలమును తగ్గించును, చిక్కనైనచో పెంచును. మిశ్రమము త్రాసుముల్లువలె ఇటునటు ఊగుచు నడిమిని విడువక యుండును. మన దేశమున 2020 ఏప్రిలు నుండి అమలైన బి.ఎస్. 6 నిబంధనల వెనుక వచ్చిన మోటారు సైకిళ్లలో కార్బ్యురేటరు పోయి పెట్రోలును చిమ్ము సాధనము వచ్చినది గాని, ఈ సెన్సారు మాత్రము వానిలో పెక్కింటికి ఉన్నది. మీ మనుమని బండి ప్రక్కన వంగి చూచినచో పొగగొట్టమున తీగతో కూడిన బొడిపెగా కనబడును.

ఇక ప్రకృతము. 1980 దశకమున షెవ్రోలె మాంటికార్లో ఎస్.ఎస్. అను బండికి 305 ఘనపుటంగుళముల, అనగా 5 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల యంత్రము ఈ సాధనముతో వచ్చెడిది. షెవ్రోలె వారిదే 350 ఘనపుటంగుళముల యంత్రము, అనగా 5.7 లీటర్లది, బయటికి దాని కవల సోదరునివలె నుండును. పిస్టను నడచు దూరము రెంటికిని 3.48 అంగుళములే, సిలిండరు వ్యాసము మాత్రము 3.736 అంగుళములకు మాఱుగా 4 అంగుళములు. అందుచేత పాతబండ్లపై మక్కువగల అమెరికనులు చిన్నదానిని దింపి పెద్దదానిని ఆ స్థానమున కూర్చుండబెట్టుట వాడుక. కడుపు నూటికి పదునైదు వంతులు పెరిగినది. వడ్డించు చేయి పాతదే. చాలునా?

గాలి మాట మొదట చూతము. నిమిషమునకు 4,000 చుట్లు తిరుగునప్పుడు 305 యంత్రము పూర్తిగా పీల్చినను 353 ఘనపుటడుగుల గాలి చాలును. 350 యంత్రమునకు 405 కావలెను. క్వాడ్రాజెట్ 750 ఘనపుటడుగులు ఈయగలదు. పైగా వెనుకటి గొట్టములపై నున్న గాలిరేకు యంత్రము పీల్చు బలమును బట్టి తనంత తానే తెఱచుకొనును. కార్బ్యురేటరు స్వభావమే అట్టిది: ఎక్కువ గాలి పాఱినచో ఎక్కువ పెట్రోలు లాగబడును. యంత్రము పెద్దదైనదని దానికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఈ సంగతి తెలియక కంప్యూటరును ఊడబెఱికి పాతకాలపు కార్బ్యురేటరును తగిలించువారు పలువురు. అది అక్కఱలేని పనియని నా అభిప్రాయము. ఆ దేశమున చట్టమునకును విరుద్ధము.

అయినను ఏమియు ముట్టకుండ వదలుటయు తగదు. కంప్యూటరు తప్పు దిద్దగలదు గాని దాని చేతికి హద్దులున్నవి. కడ్డీ నడచునది అంగుళమున ఎనిమిదవ వంతు ప్రాంతము మాత్రమే. పైన నొక ఆనిక, క్రింద నొక ఆనిక. కార్బ్యురేటరు స్వతహాగా మిక్కిలి పలుచననో చిక్కననో యున్నచో కడ్డీ ఒక ఆనికకు అంటుకొని పోవును. పిమ్మట కంప్యూటరు ఎంత మొత్తుకొన్నను ఫలము లేదు. కావున కుదుర్చువాని పని యేమనగా, కంప్యూటరునకు ఇరుప్రక్కల సమానముగా చోటుండునట్లు ఇత్తడిభాగములను నడుమ నిలుపుట.

నడుమ నున్నదో లేదో తెలియుటెట్లు? ఇందులకు డ్వెల్ మీటరు అను పాత పరికరమే చాలును. సొలినాయిడు తీగనుండి తనిఖీకై ఆకుపచ్చని కొస నొకదానిని విడిచియుందురు. మీటరును దానికి తగిలించి, ఎనిమిది సిలిండర్ల యంత్రమైనను ఆఱు సిలిండర్ల కొలతబద్దపైననే చదువవలెను. అందు 60 డిగ్రీలు పూర్తికాలము, 30 సగకాలము. ముల్లు 30కి ఇరుప్రక్కల ఊగుచున్నచో కంప్యూటరు సుఖముగా నున్నదని యర్థము. ఇక్కడ క్రొత్తవారు తఱచుగా బోల్తాపడుదురు. ముల్లు 50 దాటినచో మిశ్రమము పలుచనైనదని తలచి పెట్రోలు పెంచుదురు, రోగము ముదురును. ఆ సంఖ్య మిశ్రమమును చెప్పునది కాదు, కంప్యూటరు ఇచ్చెడి ఆజ్ఞను చెప్పునది. 50 అనగా పలుచన చేయుము, పలుచన చేయుము అని కేకవేయుచున్న దన్నమాట. అనగా కార్బ్యురేటరు చిక్కనగా నున్నది. 10కి దిగినచో కార్బ్యురేటరు పలుచననై కంప్యూటరు పెట్రోలు కోరుచున్నది. వైద్యుడు పథ్యము చెప్పిన తీరును బట్టి రోగమును ఊహించినట్లే.

యంత్రము బాగుగా వేడెక్కి, సెన్సారు మేల్కొన్న తరువాతనే చూడవలెను. ముల్లు కదలక ఒకచోట నిలిచినచో సెన్సారు మాట కంప్యూటరు ఇంకను వినుట లేదనుట. వట్టిగా తిరుగునప్పుడు ముల్లును 30 దరిదాపులకు తెచ్చుటకు క్రింది భాగమున రెండు మరలున్నవి. ఎవరును ముట్టకుండుటకై నిర్మాతలు ఉక్కు బిరడాలు బిగించిరి. వానిని తీసి, రెండు మరలను సమానముగా, కొద్దికొద్దిగా త్రిప్పి, ప్రతి మాఱును కంప్యూటరు సర్దుకొనువఱకు ఆగవలెను. లోనికి త్రిప్పినచో పెట్రోలు తగ్గి ముల్లు దిగును. పిదప 3,000 చుట్లవద్ద చూడవలెను. అచ్చట 10కి 50కి నడుమ ఊగవలెనని సేవాగ్రంథముల మాట. 30కి చేరువ యైనకొలది మేలు. పెద్ద యంత్రమున అచ్చట దోషము కనబడినచో కడ్డీల క్రింది ఆనికను సవరింపవలెను. అంతటను తీరనిచో జెట్టులనే మార్చవలెను.

సెన్సారు కన్నే మోసపోవు సందర్భములు లేకపోలేదు. యంత్రము మార్చునప్పుడు పొగగొట్టపు కీలు సరిగా బిగియనిచో ఆ సందున బయటి గాలి చొచ్చును. సెన్సారు ఆ గాలిని చూచి మిశ్రమము పలుచనైనదని చెప్పును. కంప్యూటరు పెట్రోలును కుమ్మరించును. ఉత్ప్రేరక పాత్ర వేడెక్కి చెడును. రెండు కవాటములు ఒకేమాఱు చాలసేపు తెఱచియుంచు పందెపు కామ్‌షాఫ్టు వేసినను మందగతిలో ఇట్టి భ్రమయే కలుగును. మితమైన కామ్‌షాఫ్టుతో తృప్తిపడినవారికే ఈ సాధనము లొంగును.

ఇంతవఱకు చెప్పినది శాంతప్రయాణము. అసలు అపాయము యాక్సిలరేటరును నేలకు అదిమినప్పుడు ఉన్నది. అప్పుడు కంప్యూటరు సెన్సారు మాట పెడచెవిని పెట్టి కడ్డీలను పైకి వదలును, 14.7 పాళ్లు కాదు, 12.5 నుండి 13 పాళ్ల చిక్కని మిశ్రమము కావలసిన సమయమది. వెనుకటి పెద్ద గొట్టముల కడ్డీలు కంప్యూటరు ఏలుబడిలోనివే కావు. గాలిరేకునకు కట్టిన కొక్కెముచే లేచుచుండును. ఇచ్చట పెట్రోలు కొఱవడినచో దిద్దు దిక్కు లేదు. యంత్రము లోపల టపటప కొట్టుకొని, పిస్టను తల కరగి, వ్యయప్రయాసలన్నియు క్షణములో బూడిదయగును. కావున పెద్ద యంత్రమునకు ఈ వెనుక కడ్డీలను, కొక్కెమును, గాలిరేకు స్ప్రింగు బిగువును వేఱుగా పరీక్షింపక తప్పదు. కొన సన్నమైన కడ్డీ ఎక్కువ పెట్రోలు విడుచును.

నిప్పురవ్వ పుట్టెడి వేళను నిర్ణయించు పట్టిక కంప్యూటరులోని ప్రోమ్ అను చిన్న బిళ్లలో వ్రాయబడియున్నది. అది 305 యంత్రమునకై వ్రాసినది. 350కి అచ్చముగా సరిపడునని నమ్మరాదు. టపటప ధ్వనిని పసికట్టి రవ్వను వెనుకకు జరుపు సెన్సారు మాంటికార్లోలో నున్నది గాని, దానిని దినదినము పనిపెట్టుట మంచిది కాదు. నేడు ఔత్సాహికులు ఆ బిళ్లను తీసి, తమ పట్టిక వ్రాసిన వేఱొక బిళ్లను పెట్టుచున్నారు. పలుచన చిక్కనలే గాక పాళ్లను అంకెలలో చెప్పెడి విశాలపరిధి సెన్సారులును నేడు దొరకుచున్నవి. అట్టిదాని నొకదానిని పొగగొట్టమున నాటి, రద్దీలేని పందెపు బాటపై బండిని పూర్తి వేగమున నడిపి, అంకె 13 దాటకుండ నిలుచువఱకు వెనుక కడ్డీలను ఒక్కొక్క మెట్టు సన్నవిగా మార్చుచు మరల మరల చూతురు.