తెరచాటు పాట

గ్రామపు చెరువులోని చేపలకో, తోటలోని ఫలసాయమునకో వేలము వేయునప్పుడు రచ్చబండ చుట్టును కూడిన జనులు పాట పెంచినవాని మొగము చూతురు. అతడు నిజముగా కొనదలచినవాడో, యజమాని ప్రేరణచే ధర యెక్కించుటకు వచ్చినవాడో, తోడి పాటదారులతో ముందే రింగై వచ్చినవాడో, ఆ చూపులోనే సగము తేలిపోవును. ఇంటర్నెట్‌లో జరుగు పేర్ల వేలమునందు ఈ మొగము లేదు. తెరపై నొక సంఖ్యయో మారుపేరో కనబడును. దాని వెనుక నున్నవాడు వర్తకుడో, విద్యార్థియో, వేలము వేయు సంస్థలోని యుద్యోగియో తెలియదు.

ఇంతకును అమ్ముడుపోవు వస్తువేమి? ప్రతి వెబ్‌సైటునకును డొమైన్ అను పేరొకటి యుండును. దానిని శాశ్వతముగా కొన్నవారెవ్వరును లేరు. రిజిస్ట్రారు అను మధ్యవర్తికి రుసుము చెల్లించుచు హక్కును నిలుపుకొనవలసినదే. గడువు దాటి రద్దయిన డాట్ కామ్ పేరును పూర్వపు యజమాని విడిపించుకొనుటకు 30 దినములును, పిమ్మట తొలగింపునకై 5 దినములును గడచిన మీదట నది యెల్లరకును విడుదలయగును. ఆ క్షణముననే దానిని పట్టుటకు కాచుకొనియున్న సంస్థలు, ఒకరికంటె నెక్కువమంది ఖాతాదారులు దానిని కోరియున్నచో, వేలమునకు పెట్టును. అట్టి పేరు లోకమున నొక్కటే గనుక దానికి అంగడి ధర యనునది లేదు. ఎదుటివాడు ఎంతవరకు పోగలడో అదియే దాని ధర. కావుననే ఆ యెదుటివాడెవడను ప్రశ్న కింత ప్రాముఖ్యము.

పాటదారు తన పేరును దాచుకొనగోరుటలో దోషమేమియు లేదు. ఈ వ్యాపారమున చేయి తిరిగినవాడు ఫలానా పేరుపై పాట పాడినాడని తెలిసినంతనే, దాని విలువ నెరుగని పదిమంది యతని వెంటబడుదురు. అతని చిరకాల పరిశ్రమ వారికి వెలలేక లభించును. క్రొత్త సరకును గుట్టుగా సిద్ధపరచుచున్న కంపెనీ సొంత పేరుతో పాటకు దిగినచో, సరకు సంగతి ముందే బయటపడుటయే గాక, ధర కూడ ఆ కంపెనీ ధనబలమునుబట్టి పెరుగును.

అయినను ఏ తెర పాటదారుని కాపాడునో, ఆ తెరయే యతని వంచించువానికిని మరుగగును. అమెరికాలో స్నాప్‌నేమ్స్ అను వేలము సంస్థ చరిత్రయే యిందులకు సాక్ష్యము. తమ యుద్యోగి యొకడు 2005 నుండి కల్పిత నామముతో తమ వేలములందే పాటలు పాడుచుండెననియు, ఆ కాలమున జరిగిన వేలములలో దాదాపు నూటికి 5 వంతులు దానిచే ప్రభావితములైనవనియు 2009 నవంబరులో సంస్థవారే వెల్లడించి, అతనిని తొలగించి, అధికముగా చెల్లించిన కొనుగోలుదారులకు వ్యత్యాసమును 5.22 శాతము వడ్డీతో తిరిగి యిచ్చుటకు పూనుకొనిరి. ఆ మారుపేరు తోడి పాటదారులకు నిత్యము కనబడుచునే యుండెను. కనబడనిది దాని వెనుక నున్న మనిషి.

ఇట్టి వేలములలో మరియొక సూక్ష్మము కలదు. గంటలకొలది తెర యెదుట కూర్చుండలేని పాటదారు తన గరిష్ఠ ధరను ముందే యంత్రమునకు చెప్పియుంచును. యంత్రము ఎదుటి పాట పెరిగినప్పుడెల్ల కొంచెము కొంచెముగా హెచ్చించుచు పోవును. ఆ గరిష్ఠ ధర ఇతర పాటదారులకు తెలియదు గాని, వేలము వేయు సంస్థ కంప్యూటరులో నుండును. దానిని చూడగలవాడు దొంగపాట పాడదలచినచో, ఎంతవరకు లాగిన తాడు తెగదో అతనికి ముందే తెలిసియుండును.

ఈ యపనమ్మకమును గణితముచే తొలగింపజూచినవారును గలరు. సీలు వేసిన పాటలలో అత్యధికుడు గెలిచి, రెండవవాని ధరను మాత్రము చెల్లించు పద్ధతిని విలియం విక్రీ అను ఆర్థికవేత్త 1961లో విశ్లేషించెను. తన మనసులోని ధరను ఉన్నదున్నట్లు వ్రాయుటయే పాటదారునకు లాభమని దాని సారాంశము. కాని కవరులు విప్పువాడే, లేని రెండవ పాటను కల్పించినచో నేమగును? 2017 మే నెలలో డాట్ ఈత్‌తో ముగియు పేర్లను నమోదుచేయు ఈథీరియం నేమ్ సర్వీసువారు ఆ పేర్లకు ఈ పద్ధతినే అవలంబించి, విప్పువాని యవసరము లేకుండ జేసిరి. తొలి మూడు దినములు పాటదారులు తమ ధరకు బదులు దాని గణితముద్రను, అనగా ఆ ధరనుండి లెక్కగట్టినదైనను ధరను బయటపెట్టని సంకేతమును, మాత్రము దాఖలు చేసిరి. తరువాతి 48 గంటలలో అసలు ధరను వెల్లడింపగా, ముద్ర సరిపోయినదో లేదో ఎవరైనను పరీక్షించుకొనగలిగెడివారు. వెల్లడింపక మిన్నకున్నవాని ధరావత్తు దాదాపు సర్వమును పోయెడిది. న్యాయమైనదే గాని సామాన్యునకు శ్రమకరమైన ఈ యేర్పాటును 2019లో విడిచి, వారు వార్షిక రుసుము పద్ధతికి మరలిరి. అదియుగాక, గణితము పాట నిజమో కాదో చెప్పునే గాని, పాటదారు ఎవరి మనిషియో చెప్పజాలదు.

ఆ చివరి చిక్కే 2016 జూలైలో డాట్ వెబ్ వేలమునందు బయటపడెను. వెబ్‌సైటు పేర్ల చివర వచ్చు ఆ పదముపై హక్కు కొరకు ఏడుగురు దరఖాస్తుదారులుండగా, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించు ఐకాన్ సంస్థ వేలము నడపించెను. 14.2 కోట్ల డాలర్లకు పాడిన నూ డాట్ కో సంస్థ గెలిచి, నిబంధన ప్రకారము రెండవవారైన ఎఫీలియస్ ధరయగు 13.5 కోట్ల డాలర్లు చెల్లించెను. కొలది దినములలోనే, ఆ ధనమును సమకూర్చినది డాట్ కామ్‌ను నిర్వహించు వెరిసైన్ కంపెనీ యని తెలిసెను. అట్టి సంపన్నుడు వచ్చుచున్నాడని తెలిసినచో ధర హద్దు మీరెడిదని ఒకరనవచ్చును. మనము బినామీ యని పిలుచునది ఇదే గదా యని మరియొకరనవచ్చును. ఓడినవారి యభ్యంతరములపై నిర్ణయము చేయక జాగుచేయుట ఐకాన్ సొంత నియమావళికి విరుద్ధమని 2021 మేలో స్వతంత్ర సమీక్షా మండలి తీర్పుచెప్పెను. అనగా, పాటదారు దాగియుండుటకంటె, దాగినవానినిగూర్చి సకాలమున విచారింపవలసినవారు విచారింపకుండుట పెద్ద లోపముగా తేలెను.

ఈ యుదాహరణములనుబట్టి చూడగా, గోప్యత తోడి పాటదారుల యెడ న్యాయము; లెక్క చూచువాని యెడ న్యాయము కాదు. ప్రతి పాటదారునకును మార్చుకొన వీలులేని మారుపేరొకటి యుండవలెను. దాని వెనుక నున్న అసలు మనిషిని వేలము సంస్థ ముందే ధ్రువపరచుకొనవలెను. పేరు యజమానియు, సంస్థ యుద్యోగులును పాట పాడరాదు. వేలము ముగిసిన పిదప పాటలన్నియు, విరమించుకొన్నవానితో సహా, ప్రకటింపబడవలెను. ఆ లెక్కను సంస్థతో సంబంధము లేనివారు తనిఖీ చేయవలెను. ఇట్టి నిబంధనలు లేని చోట పాటకు దిగువాడు తన గరిష్ఠ ధరను యంత్రమునకు ముందే అప్పగింపక, తన మనసులోనే యుంచుకొని, ఒక్కొక్క మెట్టుగా చేతితో పెంచుకొనుట వివేకము.