యాంగిల్ గ్రైండర్‌కు బయటి కంపెనీల డిస్కులు, ప్యాడ్లు: ఎంపిక విధానం

వృత్తాకార చలనంలో అంచు వేగం వ్యాసంతోనూ, నిమిషానికి తిరిగే చుట్లతోనూ పెరుగుతుందని మీరు ఇదివరకే చదివారు. ఆ సూత్రం పరీక్ష పేపరులో కన్నా వెల్డింగ్ షాపులో ఎక్కువ పనిచేస్తుంది. ఈ పాఠ్యభాగంలో ఒక చిన్న సమస్యను తీసుకుందాం. చేతిలో ఒక కంపెనీ యాంగిల్ గ్రైండర్ ఉంది. కొట్లో మరో కంపెనీ డిస్కు ఉంది. రెండింటినీ కలపవచ్చా? మీలో చాలామంది పగలు పనిచేసుకుంటూ చదువుతున్నవారే కాబట్టి, కొందరికి ఇది ఈ సాయంత్రమే ఎదురుకావచ్చు.

హైదరాబాద్ పాతబస్తీలోని దబీర్‌పురాను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. నగరపు పాత ప్రాకారానికి ఉన్న పదమూడు దర్వాజాల్లో ఇప్పటికి మిగిలినవి రెండే. దబీర్‌పురా దర్వాజా వాటిలో ఒకటి. ఇలాంటి పేటల్లో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే చిన్న షాపులు, వడ్రంగి కార్ఖానాలు ఉంటాయి. అంతేకాక పాతబస్తీ కుటుంబాల్లో గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవారు చాలామంది. తిరిగి వచ్చేటప్పుడు కొందరు పనిముట్లు కూడా తెచ్చుకుంటారు. అక్కడ 115 మి.మీ. గ్రైండరు మామూలు సైజు. మన కొట్లలో సులువుగా దొరికేవి 100, 125, 180 మి.మీ. డిస్కులు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

రంధ్రం, మర

డిస్కు కొనేటప్పుడు అందరూ చూసేది వ్యాసం. ముందు చూడవలసింది మధ్య రంధ్రం. మన దేశంలో ‘ఏజీ ఫోర్’ అని అడిగితే ఇచ్చే నాలుగించుల మిషనుకు సాధారణంగా 16 మి.మీ. రంధ్రమున్న డిస్కు పడుతుంది. దాని ఇరుసు మీద ఉండే మర ఎం10, అంటే 10 మి.మీ. వ్యాసం. 115, 125, 180, 230 మి.మీ. మిషన్లకు రంధ్రం 22.23 మి.మీ., మర ఎం14. ఈ 22.23 అనే వింత సంఖ్య ఎక్కడిదంటే, అది అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. పాలిష్ చేసే రాళ్ల కటింగుకు వాడే మార్బుల్ కట్టర్ది వేరే లెక్క. దాని 110 మి.మీ. బ్లేడుకు 20 మి.మీ. రంధ్రం ఉంటుంది.

అమెరికా నుంచి వచ్చిన మిషనైతే మర అంగుళాల్లో ఉంటుంది: ఎనిమిదింట ఐదు వంతుల వ్యాసం, అంగుళానికి 11 చుట్లు. మరల మధ్య దూరం 2.31 మి.మీ. అవుతుంది. ఎం14కు ఆ దూరం 2 మి.మీ. మాత్రమే. ఒక దాని కప్ బ్రష్‌ను మరొక దానికి బిగించబోతే వ్యాసం, పిచ్ రెండూ కలవవు. బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. ఇంకా నష్టం ఏమిటంటే, బిగిసినట్టు కనిపించి తిరిగేటప్పుడు ఊడి వస్తుంది. నేరుగా మరకు ఎక్కే బ్రష్‌లు, ప్యాడ్లు కొన్నప్పుడు ఇరుసు పొడవు కూడా చూడండి. ఇరుసు కొన ముందే అడుగు తగిలితే ప్యాడ్ ఆనుకోవలసిన చోట ఆనుకోదు.

రంధ్రం పెద్దదైతే ఏమవుతుంది? 22.23 రంధ్రమున్న డిస్కును 16 మి.మీ. ఇరుసు భాగం మీద పెట్టి నట్టు బిగించేవారున్నారు. చుట్టూ ఖాళీ ఉంటుంది కాబట్టి డిస్కు కేంద్రం దాదాపు 3 మి.మీ. పక్కకు జరగవచ్చు. లెక్క వేద్దాం. డిస్కు బరువు 100 గ్రాములు, మిషను నిమిషానికి 11,000 చుట్లు అనుకోండి. కోణీయ వేగం సెకనుకు 1,152 రేడియన్లు. ద్రవ్యరాశి, కేంద్రం జరిగిన దూరం, కోణీయ వేగపు వర్గం, ఈ మూడింటినీ గుణిస్తే సుమారు 398 న్యూటన్లు వస్తుంది. అంటే నలభై కిలోల బరువుతో సమానమైన బలం, సెకనుకు 183 సార్లు దిక్కు మార్చుకుంటూ చేతిని, బేరింగును, డిస్కును లాగుతుంది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపించేది ఇంత. రేకు ముక్క చుట్టి, లేదా తీగ చుట్టి ఆ ఖాళీ పూడ్చడం ఇంకా దారుణం. తయారీదారు డిస్కుతోపాటు ఇచ్చే కొలత సరైన రింగు వేరు. డైమండ్ బ్లేడ్లతో 20 నుంచి 16కు తగ్గించే రింగు వస్తుంది, దానిని వాడవచ్చు.

గార్డు సంగతి

గల్ఫ్ నుంచి వచ్చిన 115 మిషనుకు 125 డిస్కు వేద్దామంటే రంధ్రం సరిపోతుంది. వేగం కూడా, కింద చూడబోతున్నట్టు, హద్దులోనే ఉంటుంది. అడ్డం వచ్చేది గార్డు. అప్పుడు చాలా షాపుల్లో చేసే పని గార్డును విప్పి మూలన పడేయడం. డిస్కు పగిలితే ముక్కలు మొహం వైపు రాకుండా ఆపేది అదొక్కటే. అది లేని గ్రైండరును నేను గ్రైండరు కింద లెక్కపెట్టను. సరైన మార్గాలు రెండున్నాయి. రాణీగంజ్ లాంటి పెద్ద పనిముట్ల బజారులో 115 డిస్కులు అడిగి ఒకేసారి పెట్టె తెప్పించుకోవడం ఒకటి. చాలా కంపెనీలు ఒకే బాడీతో 115, 125 రెండూ చేస్తాయి గనుక, ఆ మోడలుకే తయారైన 125 గార్డు దొరుకుతుందేమో చూడటం రెండోది. కార్ఖానాలో రేకు వంచి చేసుకున్న గార్డు సరిపోదు.

తెచ్చిన మిషను వోల్టేజి కూడా పేరు పలక మీద చదవండి. సౌదీ అరేబియాలో ఇళ్లకు చాలాకాలం 127 వోల్టుల సరఫరా ఉండేది. ఆ మిషనును మన 230 వోల్టులకు కలిపితే వేగం హద్దు దాటుతుంది, వైండింగ్ మాడుతుంది. ఇందులో ఫ్రీక్వెన్సీ పెద్ద సమస్య కాదు. ఇవి యూనివర్సల్ మోటార్లు.

వేగం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అంచు వేగం కావాలంటే వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో, నిమిషానికి చుట్లతో గుణించి 60తో భాగించాలి. 100 మి.మీ. డిస్కు 11,000 చుట్ల దగ్గర సెకనుకు 57.6 మీటర్ల వేగంతో తిరుగుతుంది. 125 అయితే 72. ఫైబర్ వలతో బలపరచిన మామూలు డిస్కులకు గరిష్ఠ హద్దు సెకనుకు 80 మీటర్లు, గంటకు 288 కిలోమీటర్లు. పెద్ద మిషన్లు నెమ్మదిగా తిరగడానికి కారణం ఇదే. 180 మిషను సుమారు 8,500, 230 మిషను సుమారు 6,500 చుట్లు తిరుగుతుంది.

మరి 180 డిస్కును, రంధ్రం ఒకటే కదా అని, గార్డు తీసేసిన చిన్న మిషనుకు బిగిస్తే? 11,000 చుట్ల దగ్గర అంచు వేగం 103.7 మీటర్లు. డిస్కును చీల్చే ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, హద్దు దగ్గర ఉండే ఒత్తిడికి 1.68 రెట్లు. రంధ్రం సరిపోవడమే ఇక్కడ మోసం చేసేది. అరిగి 125కు వచ్చిన 180 డిస్కును చిన్న మిషనుకు వాడటం కూడా షాపుల్లో మామూలే. అంచు వేగం లెక్క చూస్తే 72 మీటర్లే వస్తుంది. అయినా అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలు దీన్ని వద్దంటాయి. దాని మీద ముద్రించిన చుట్లు చిన్న మిషను చుట్ల కన్నా తక్కువ. పైగా అది ఎన్ని దెబ్బలు, ఎంత వేడి తిన్నదో కంటికి తెలియదు. డిస్కు మీది చుట్ల సంఖ్య మిషను మీది సంఖ్యకు సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. దీనికి మినహాయింపు లేదు.

మీరే చేసి చూడండి: 80 మీటర్ల హద్దులో 115 మి.మీ. డిస్కు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగవచ్చు? సుమారు 13,290 రావాలి.

బయటి కంపెనీ అంటే నాసిరకమా?

కాదు. మిషను చేసేవారు, డిస్కు చేసేవారు మొదటినుంచీ చాలావరకు వేర్వేరు. జర్మనీలో అకర్మన్ ష్మిట్ కంపెనీ 1954లో వేగంగా తిరిగే యాంగిల్ గ్రైండర్‌ను తెచ్చింది. మన దగ్గర తవ్వే యంత్రం ప్రతిదాన్నీ జేసీబీ అన్నట్టు, జర్మన్లు ప్రతి గ్రైండరునూ ఆ కంపెనీ పేరుతో ‘ఫ్లెక్స్’ అంటారు. మన దేశంలో కార్బొరండమ్ యూనివర్సల్ మొదలైంది కూడా 1954లోనే. గ్రైండ్‌వెల్ నార్టన్ 1941 నుంచి ఉంది. కంపెనీ పేరు ఒకటి కావాలన్న పట్టుదల అక్కర్లేదు. డిస్కు తన వివరాలు తాను చెప్పాలి, అంతే. వ్యాసం, మందం, రంధ్రం, గరిష్ఠ చుట్లు, ఏ పదార్థానికి, ఏ ప్రమాణం, తయారీదారు ఎవరు అన్నవి ముద్రించి ఉండాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12413 ప్రకారం రంగు పట్టీలూ ఉంటాయి: నీలం 50, పసుపు 63, ఎరుపు 80, ఆకుపచ్చ 100 మీటర్లు. రెసిన్‌తో అతికిన డిస్కు గడువు మధ్య లోహపు రింగు మీద నెల, సంవత్సరంతో ఉంటుంది. తయారైన నాటినుంచి మూడేళ్లు దాని ఆయుష్షు. తేమ తగిలితే రెసిన్ ఇంకా ముందే బలహీనపడుతుంది. వర్షాకాలం నేల మీద పెట్టిన డిస్కులను అనుమానించండి. ఏమీ ముద్రించని డిస్కును చూపి కొట్టాయన ‘చల్తా సాబ్’ అంటే, ఆ మాటకు చుట్ల సంఖ్య లేదని గుర్తుంచుకోండి.

ఒక మిల్లీమీటరు కటింగ్ డిస్కుతో పక్కవాటంగా రుద్దకూడదు. ఆ పనికి ఆరు మిల్లీమీటర్ల గ్రైండింగ్ డిస్కు ఉంది. వడ్రంగి కార్ఖానాల్లో కనిపించే పళ్ల రంపం బ్లేడు, గొలుసు బ్లేడు గ్రైండరుకు అమర్చవద్దని భద్రతా ప్రమాణాలు స్పష్టంగా చెబుతాయి. పన్ను కర్రలో ఇరుక్కుంటే మిషను చేతిలోంచి వెనక్కి ఎగురుతుంది. నా ఉద్దేశంలో అది అమ్మకూడని సరుకు.

ప్యాడ్లు, శాండర్లు

గ్రానైట్ పాలిష్‌కు వాడే వెల్‌క్రో డైమండ్ ప్యాడ్ల మీద చాలావాటికి 4,500 చుట్ల హద్దు రాసి ఉంటుంది. మామూలు గ్రైండరు దానికి రెట్టింపు కన్నా వేగం. ప్యాడ్ వేడెక్కి వెల్‌క్రో వదులుతుంది, రాయి మీద మచ్చలు పడతాయి. వేగం తగ్గించే మీట ఉన్న పాలిషరే దీనికి తగినది. గుండ్రటి శాండరుకు మాత్రం బయటి కాగితం హాయిగా వాడుకోవచ్చు. వ్యాసం, దుమ్ము లాగే రంధ్రాల వరుస సరిపోతే చాలు. రంధ్రాలు కలవకపోతే దుమ్ము కాగితం కిందే నిలిచి గీతలు పెడుతుంది. కింది రబ్బరు ప్యాడ్ విషయం వేరు. స్క్రూల అమరిక కంపెనీకో రకం. పాత ప్యాడ్ విప్పి కొట్టుకు తీసుకెళ్లడమే నయం. బాష్ 2019లో తెచ్చిన ఎక్స్‌లాక్ డిస్కులు 22.23 రంధ్రపు మామూలు మిషనుకు పడతాయి, కానీ ఎక్స్‌లాక్ మిషనుకు మామూలు డిస్కు పట్టదు.

కొత్త డిస్కు బిగించాక పని మొదలుపెట్టకుండా, మనుషులను డిస్కు తిరిగే తలానికి దూరంగా నిలబెట్టి, ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. పగిలే డిస్కు చాలావరకు ఈ నిమిషంలోనే పగులుతుంది. కళ్లద్దాలు మొదటి నుంచీ పెట్టుకోండి. ఇనుప రవ్వ కంట్లో పడితే రుమాలు కొనతో తీయించుకోకుండా, నలపకుండా మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రికో, మీకు దగ్గరలోని కంటి వైద్యుని దగ్గరికో అదే రోజు వెళ్లండి.