పక్షులను చదివిన సలీం ఆలీ

జొన్న పాలుపోసుకొను దినములలో మంచె యెక్కి వడిసెల త్రిప్పని రైతు మన ప్రాంతమున అరుదు. గిజిగాడు, చిలుక, పిచ్చుక యనునవి మనకు పగవారే. పదునైదేండ్లకు పూర్వము నేనును ఆ మాటనే చెప్పుచు, ఒక గ్రామమున గిజిగాని గూళ్లను కొమ్మలతో సహా కొట్టింపజేసితిని. సలీం ఆలీ గ్రంథములను చదివినది తరువాతనే. సంఘసభ్యులకు ఆయన కథ తెలుపవలెనని నాకు చిరకాలముగా కోరిక.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులు గతింపగా మేనమామ పెంచెను. బాల్యమున గాలితుపాకితో నొక పిచ్చుకను కొట్టగా దాని కంఠమున పసుపుపచ్చని మచ్చ కనబడినది. అదేమి పిట్టయో మేనమామకు తెలియక, బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. కార్యదర్శియగు మిల్లర్డుదొర కసరుకొనక, పెట్టెలు తెరచి సంఘమువారు సేకరించిన పక్షులను చూపెను. అంతటితో ఆ బాలుని త్రోవ యేర్పడినది.

పట్టము పుచ్చుకొనలేదు. బర్మాలో కుటుంబ వ్యాపారమున కొంతకాలము గడిపి, పిదప బొంబాయి మ్యూజియములో కొలువుచేసి, జర్మనీకేగి బెర్లినులో స్ట్రెసెమాను పండితునికడ శిక్షణ పొందెను. 1930లో తిరిగి వచ్చునప్పటికి ధనాభావముచే ఆ కొలువు ఎత్తివేయబడెను. అప్పుడు భార్య తెహ్మీనాతో కిహీం అను సముద్రతీర గ్రామము చేరి, ఇంటిచెంతనున్న గిజిగాని గూళ్లను దినదినము కనిపెట్టి చూడసాగెను.

మగపిట్ట గూడు సగము కట్టి నిలుపును. ఆడుపిట్ట లోన దూరి పరీక్షించును. నచ్చినచో కాపురము చేరును, నచ్చనిచో వెడలిపోవును. చేరినపిదప మగపిట్ట గొట్టమును ముగించి, వెంటనే వేరొక గూడు మొదలిడి మరియొక ఆడుదానిని పిలుచును. పొదుగుట తల్లివంతు. ఇట్టి సంసారమును అంతకుముందెవ్వరును సరిగా వ్రాయలేదు.

మనకు కావలసిన మాట వేరొకటి కలదు. పెరిగిన గిజిగాడు గింజలు తినును గాని, గ్రుడ్లు పగిలి వెలువడిన పిల్లలకు మొదట పెట్టునది మిడుతలు, పురుగులు. మనము గూళ్లు నరకునది సరిగా ఆ దినములలోనే. పక్షుల పొట్టలు విప్పి, అందేమున్నవో మేసన్, లెఫ్రాయ్ అను దొరలు 1912లోనే పూసా వ్యవసాయశాలనుండి ప్రకటించిరి. సలీం ఆలీయు 1936లో పైరులకును పక్షులకును గల సంబంధమును గూర్చి వ్రాసెను. అన్ని పక్షులును మిత్రులని నేననను. చిలుక చేయు నష్టము నష్టమే. కాని పసులపోలిగానిని రాతితో కొట్టువాడు తన కూలివానినే తరుముకొనుచున్నాడు. వేరుసెనగ చేలలో అడ్డకొయ్యగల గుంజలు పాతినచో అది వాటిపై వ్రాలి పురుగులను ఏరుకొని తినును.

హైదరాబాదు సంస్థానమున పక్షుల పరిశీలన జరిగినది 1931–32లో. సలీం ఆలీ జీతము కోరక, ఖర్చులుమాత్రము పుచ్చుకొని ఆ పని చేసెను. భార్యయు డేరాలలో వెంటనుండెను. ఆమె 1939లో మరణించెను. భారతీయ పక్షులను గూర్చిన ఆయన గ్రంథము 1941లో వెలువడినది; రిప్లీ పండితునితో కలసి వ్రాసిన పది సంపుటములు 1968 మొదలు 1974 వరకు వచ్చినవి.

ఇక రైతులు విశేషముగా ఎరుగవలసినది భరత్‌పూరు చెరువు సంగతి. రాజస్థానమున ఈ చిత్తడినేల సంస్థానాధీశుల వేటస్థలము. 1938లో ఒక్క దినమున 4,273 పక్షులను కాల్చిరి. స్వరాజ్యము వచ్చినపిదప నీటిని తీసివేసి భూమిని సాగునకు పంచవలెనని అచటివారు కోరగా, సలీం ఆలీ నెహ్రూగారితో చెప్పి దానిని నిలిపెను. భూమిలేనివారి కోరిక అన్యాయమని నేననజాలను. కాని దూరదేశములనుండి వచ్చు పక్షులకు అట్టి తావు వేరొకటి దొరకుట కష్టము.

తరువాత 1982లో అచట పశువుల మేత నిషేధింపబడెను. సలీం ఆలీయు అందుకు అనుకూలుడే. గ్రామస్థులు ప్రతిఘటింపగా కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. అటుపిమ్మట ఆయన సంఘమువారే పలు సంవత్సరములు శోధించి చూడగా, గేదెలు మేయనందున గడ్డి దట్టముగా పెరిగి నీటిని క్రమ్మి, నీటిపక్షులకు చోటు తగ్గినదని తేలినది. మందలకాపరుల మాటలో నిజము కలదని తేలునప్పటికి ఆయన లేడు. 1987లో తన తొంబదియవ యేట గతించెను.

ఆయన మరణమునకు ఏడాది ముందు, 1986 జనవరిలో, కడప జిల్లా ముండ్లపొదలలో కలివికోడి మరల కనబడినది. 1900 తరువాత దానిని చూచిన శాస్త్రజ్ఞుడు లేడు; నశించినదనియే పలువురు తలచిరి. రాత్రివేళ దీపపు వెలుతురున దానిని పట్టి తెచ్చినవాడు అచటి వేటగాడే. 1988లో అచట శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.