తిరిగొచ్చిన ప్రతివాడూ మనవాడు కాదు

అపోహ: కస్టమర్ వదిలి వెళ్ళడం లేదంటే మన సర్వీసు బాగున్నట్టే

వెళ్ళడానికి దారి లేక పడి ఉన్నవాళ్ళను కూడా ఈ లెక్కలోనే వేసేస్తుంటాం. మొబైల్ కంపెనీలు 2010 దాకా ఇలాగే మురిసిపోయాయి. సిగ్నల్ అందకపోయినా, అడగని కాలర్ ట్యూన్‌కి డబ్బులు కోసినా జనం అదే సిమ్‌తో సర్దుకుపోయారు. మమకారం కంపెనీ మీద కాదు, నంబరు మీద. బ్యాంకులో, ఆఫీసులో, చుట్టాల ఇళ్ళలో అందరి దగ్గరా ఉన్నది ఆ నంబరే మరి.

2010 నవంబర్ 25న హర్యానాలో నంబర్ పోర్టబిలిటీ, అంటే నంబరు మారకుండా కంపెనీ మారే వీలు, మొదలైంది. గుర్గావ్, ఫరీదాబాద్ ఉన్నది హర్యానాలోనే అయినా టెలికాం లెక్కల్లో ఢిల్లీ సర్కిల్ కిందికి వస్తాయి. దాంతో పక్క జిల్లాలవాళ్ళు కంపెనీలు మారుతుంటే వీళ్ళు చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. 2011 జనవరి 20న దేశమంతటితో పాటు వీళ్ళ వంతూ వచ్చింది. మారడానికి అప్పట్లో గరిష్ఠ రుసుము 19 రూపాయలు. కంపెనీలు ఏళ్ళ తరబడి అభిమానం అనుకున్నదానికి అడ్డుగోడ అంతే ఎత్తు!

ఇప్పుడు అలా అడ్డుగోడ కట్టే పని యాప్‌లు చేస్తున్నాయి. సభ్యత్వం తీసుకోవడం క్షణంలో పని, రద్దు చేసుకోవాలంటే ఆ బటన్ ఎక్కడుందో దొరకదు. కేంద్రం 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి ఎత్తులు 13 లెక్కగట్టింది. చందా వదిలించుకోనివ్వకుండా తిప్పడం వాటిలో ఒకటి.

అపోహ: ఎప్పటికప్పుడు కస్టమర్‌ని అబ్బురపరచాలి

ఈ మాట శిక్షణ తరగతుల్లో బాగా అమ్ముడుపోతుంది. 2010లో మాథ్యూ డిక్సన్, ఇద్దరు సహచరులతో కలిసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం దీన్ని కొట్టిపారేసింది. కాల్ సెంటర్లకు ఫోన్ చేసినవాళ్ళు, వెబ్‌సైట్లలో సాయం వెతుక్కున్నవాళ్ళు 75,000 మందికి పైగా చెప్పినదాన్ని బట్టి వాళ్ళు తేల్చింది ఇది: అనుకున్నదానికి మించి చేసినా అభిమానం పెద్దగా పెరగదు. కస్టమర్ పడే ప్రయాస తగ్గిస్తే మాత్రం నిలబడతాడు. సర్వీసు కోసం మనల్ని పలకరించినవాడు ఇంకా దగ్గరయ్యే అవకాశం కన్నా దూరమయ్యే అవకాశమే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువట.

నమ్మకం కుదరకపోతే ఢిల్లీ అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్ళండి. అక్కడ మిమ్మల్ని ఎవరూ నవ్వుతూ ఆహ్వానించరు. టోకెన్ తీసుకుని నిలబడాలి. లోపల ఎవరి పక్కన ఖాళీ ఉంటే వాళ్ళ పక్కనే కూర్చోవాలి. అటు పంజాబీ కుటుంబం, ఇటు యూపీఎస్సీకి చదివే కుర్రాడు. తీరిగ్గా కబుర్లాడటం కుదరదు, మీ కుర్చీ వెనకాల అప్పటికే ఒకరు నిలబడి ఉంటారు. కానీ కంచం ముందుకొచ్చాక మీరు ఎవర్నీ బతిమాలాల్సిన పని లేదు. పొడి, నెయ్యి, పచ్చడి బల్ల మీదే ఉంటాయి. పూరీ అయిపోతే పూరీ, పప్పు అయిపోతే పప్పు, సాంబారు, పెరుగు. గిన్నెలు పట్టుకుని తిరిగే మనిషి చూపంతా మీ కంచంలో ఏది తరిగిందన్నదాని మీదే. ఎన్నిసార్లు వేయించుకున్నా మొహం మాడ్చుకోడు. కిందటిసారి తిన్న భోజనమే ఈసారీ వస్తుంది. ఆదివారం బిర్యానీ కోసం ఊరి ఆ మూల నుంచి పనిగట్టుకుని వచ్చేవాళ్ళలో తెలుగు ముక్క రానివాళ్ళు బోలెడంతమంది. వాళ్ళకు లాయల్టీ పాయింట్లెవరూ ఇవ్వడం లేదు. (క్యూలో నిలబడటం ప్రయాస కాదా అంటే, ప్రయాసే. కాకపోతే దాని చివర ఏముందో అందరికీ ముందే తెలుసు.)

అపోహ: ఫోన్ ఎంత త్వరగా ముగిస్తే అంత మంచి సర్వీసు

ఈ నమ్మకానికి గుర్గావ్‌తో పాత చుట్టరికం ఉంది. జీఈ సంస్థ 1997లో అక్కడ మొదలుపెట్టిన యూనిట్టే 2005లో జెన్‌ప్యాక్ట్ అయింది. మన దేశంలో కాల్ సెంటర్ల పరిశ్రమ ఊపందుకున్నది ఆ చుట్టుపక్కలే. కాల్‌కి సగటున ఎన్ని నిమిషాలన్నది ఈ రంగంలో అందరూ చూసే కొలత. ఒత్తిడి ఎక్కువైతే కుర్రాళ్ళు ఏం చేస్తారు? అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి పెట్టేస్తారు. బిల్లులో పేరు సరిచేస్తారు, చిరునామా కూడా మార్చాలేమో అని అడగరు. మర్నాడు అదే మనిషి మళ్ళీ ఫోన్ చేసి కథంతా మొదట్నుంచీ చెప్పుకోవాలి. డిక్సన్ బృందం లెక్కలో కస్టమర్ ప్రయాసకి అతిపెద్ద కారణం ఈ రెండో ఫోనే. సగటు నిమిషాలు చూసుకుని సంబరపడే మేనేజరుకి ఇది వేరే కాల్‌గా కనబడుతుంది, అది కూడా త్వరగానే ముగిసిన కాల్‌గా!

అపోహ: పొరపాటు చేసి గొప్పగా సరిదిద్దితే అసలుకన్నా ఎక్కువ దగ్గరవుతారు

సగమే నిజం. ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2007లో ఒక సమీక్ష జరిగింది. సరిదిద్దినప్పుడు సంతృప్తి పెరిగినమాట వాస్తవమే కానీ, మళ్ళీ కొనాలన్న ఉద్దేశం పెరిగినట్టు కనబడలేదు. మెచ్చుకుని పక్క కొట్టుకి వెళ్ళేవాళ్ళూ ఉంటారన్నమాట.

అపోహ: సర్వీస్ ఛార్జి మంచి సర్వీసుకి ఖరీదు

బిల్లులో దానంతట అది వచ్చి కూర్చునే 10 శాతానికి, వడ్డించిన తీరుకి సంబంధమేమీ లేదు. సర్వీసు నచ్చినా నచ్చకపోయినా అదే 10 శాతం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న, ఇలా బలవంతంగా కలపకూడదని మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్ళాయి. అదే నెలలో స్టే వచ్చింది. చివరికి 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు మార్గదర్శకాలనే సమర్థించింది. ఇవ్వాలా వద్దా అన్నది తినేవాడి ఇష్టం.

సిబ్బంది జీతాలెలా అన్నది హోటళ్ళవాళ్ళ ప్రశ్న. వంటకాల ధర ఎంత పెట్టుకోవాలో వాళ్ళిష్టమని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మెనూలో 330 అని చూసి ఆర్డరిచ్చినవాడు 330 ఇవ్వడానికి పేచీ పెట్టడు. 300 అని చూపించి, తిన్నాక 330 అడిగితే పెడతాడు, లేదా పేచీ పెట్టకుండా కట్టేసి మరి ఆ వైపు రాడు.