పిచ్చికుక్క కాటు: నరాల దారిలో నడిచే వైరస్

“కుక్క కరిస్తే బొడ్డుచుట్టూ 14 ఇంజెక్షన్లు!”

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో ఏ అబ్బనో అవ్వనో అడిగి చూడండి. ఈ మాట తప్పకుండా చెబుతారు. ఆ ఇంజెక్షన్లకు భయపడి, కుక్క కరిచిన సంగతి ఇంట్లో చెప్పకుండా దాచే పిల్లలు కూడా ఉండేవారు. ఇప్పుడా ఇంజెక్షన్లు లేవు. కాని కుక్కకాటు వల్ల వచ్చే రేబిస్ జబ్బు మాత్రం ఇంకా ఉంది. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారని అంచనా. వారిలో మూడోవంతుకు పైగా మన దేశంవారే. రేబిస్ ఉందని అనుమానించదగ్గ జంతువుల కాటుకు గురయ్యేవారిలో నూటికి 40 మంది 15 ఏళ్లలోపు పిల్లలు! అంటే ఇది పెద్దల సంగతి మాత్రమే కాదు, మీ సంగతి కూడా.

మరి ఈ జబ్బును ఆపలేమా? ఆపగలం. ఎలాగో తెలియాలంటే, ముందు ఆ వైరస్ నడిచే దారి తెలుసుకోవాలి.

నత్తనడక ప్రయాణం

రేబిస్ వైరస్ తుపాకిగుండు ఆకారంలో ఉంటుంది. జబ్బుపడిన కుక్క చొంగలో ఇది ఉంటుంది. కుక్క కరిచినప్పుడు చొంగతోపాటు గాయంలోకి దిగుతుంది. కాని చాలా వైరస్‌ల మాదిరిగా ఇది రక్తంలో కలిసి ఒళ్లంతా పాకదు. కండరంలో కొంతకాలం ఉండి, అక్కడి నరం కొసను పట్టుకుని, ఆ దారి వెంబడే మెదడు వైపు బయలుదేరుతుంది. దీని వేగం రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల వరకు మాత్రమే! అందుకే జబ్బు లక్షణాలు కనబడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారానికే రావచ్చు, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు. కాలిమీద కాటు కంటే ముఖంమీద కాటు ఎందుకు ప్రమాదమో ఇప్పుడు అర్థమైంది కదా? అక్కడినుంచి మెదడుకు దారి చాలా దగ్గర.

ఈ మధ్యకాలంలో మనిషి మామూలుగానే ఉంటాడు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఆకుపసరు పోయించుకున్నాం, మంత్రం వేయించుకున్నాం, ఏమీ కాలేదు అనుకుంటారు. నిజానికి కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు. లేని జబ్బు రాకపోతే ఆ గొప్ప పసరుదా? ఉన్న జబ్బునైతే ఏ పసరూ ఆపలేదు.

వైరస్ మెదడును చేరిన తర్వాత గొంతు కండరాలు బిగుసుకుపోతాయి. నీళ్లు తాగబోతేనే భరించలేని బాధ. అందుకే దీనికి ‘జలభీతి’ అనే పేరు కూడా వచ్చింది. ఈ దశకు వస్తే బతకడం దాదాపు అసాధ్యం. మెదడు నుంచి వైరస్ లాలాజల గ్రంథులకు చేరుతుంది. కుక్క విషయంలో అక్కడినుంచి మరో కాటుకు సిద్ధమైనట్టే.

మొదటి మందు సబ్బు

వైరస్ నెమ్మదిగా నడుస్తుంది కనుక మనకు సమయం దొరుకుతుంది. దాన్ని వృథా చేయకూడదు.

రేబిస్ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది. పళ్లెం మీది నూనె జిడ్డును వదిలించే సబ్బే ఈ కొవ్వునూ చెదరగొడుతుంది. కనుక కుక్కగాని, పిల్లిగాని కరిచినా, గీరినా, గాయాన్ని ధారగా పడే నీటికింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు వంటివి పూయకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అక్కడ వేసే టీకా, వైరస్‌ను ఎదిరించే ప్రతిరక్షకాలను తయారుచేయడం మన శరీరానికి నేర్పుతుంది. ఇందుకు వారం పైగా పడుతుంది. గాయం లోతుగా ఉంటే అంతవరకు ఆగకుండా, తయారుగా ఉన్న ప్రతిరక్షకాలనే గాయం చుట్టూ ఎక్కిస్తారు. టీకా భుజంమీద, చర్మంలోకి వేస్తారు. మొదటి రోజు తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో కూడా తప్పకుండా వేయించుకోవాలి.

పద్నాలుగు ఇంజెక్షన్ల కథ

1885 జూలై 6న ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు తన టీకా వేయించాడు. ఆ బాలుడు బతికాడు. మన దేశంలో 1900లో కసౌలీలోను, 1907లో నీలగిరి కొండల్లోని కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలిశాయి. కడప జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడునుంచి టీకా తయారుచేశాడు. పొట్టమీద వేసే ఇంజెక్షన్లు ఆ టీకావే. అది ఎందరినో కాపాడింది. కాని కొద్దిమందికి పక్షవాతం వంటి కష్టాలు తెచ్చేది. అందుకే 2004 చివరలో మన దేశంలో దాని తయారీ ఆపేశారు. ఇప్పటి టీకాలకు వైరస్‌ను ప్రయోగశాలలో పెంచిన కణాల్లో వృద్ధిచేస్తారు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ మనుషులకూ కుక్కలకూ ఇటువంటి టీకాలు తయారుచేస్తోంది.

అసలు టీకా కుక్కకే!

మనుషుల్లో వచ్చే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కల వల్లనే. కనుక కుక్కకు టీకా వేస్తే జబ్బును మూలంలోనే తుంచినట్టు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక పిచ్చికుక్క చనిపోయేలోగా మరో రెండు కుక్కలకు జబ్బు అంటిస్తుందనుకోండి. 10 కుక్కలు 20 అవుతాయి, 20 కాస్తా 40 అవుతాయి. ఊళ్లో నూటికి 70 కుక్కలకు టీకా ఉంటే? 10 కుక్కలు కలిసి 6 కుక్కలకే అంటించగలవు. ఆ 6 సుమారు నాలుగింటికి, ఆ 4 సుమారు రెండింటికి! గొలుసు తెగిపోతుంది. అన్ని కుక్కలకూ వేయలేకపోయినా ఊరంతా రక్షణ పొందుతుందన్నమాట. కాని ఏటా కొత్త పిల్లలు పుడుతుంటాయి కనుక టీకాలు ఆపకూడదు.

కుక్కపిల్లకూ, పిల్లికూనకూ మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి. తర్వాత డాక్టరు చెప్పిన రోజున మరొకటి, ఆపైన ఏడాదికొకసారి వేయించాలి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో, డిస్టెంపర్ జబ్బుల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులోనే మొదలుపెట్టాలి. నులిపురుగుల మందు కూడా మరవకూడదు. ఇవన్నీ తేదీలతో ఒక కార్డుమీద రాయించుకోండి. పాశ్చర్ టీకా వేయించిన రోజు గుర్తుగా, జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. జమ్మలమడుగుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ప్రొద్దుటూరులో 2008లో స్థాపించిన పశువైద్య కళాశాల కూడా ఉంది.

మీరు చేసి చూడండి

మీ వీధిలో ఎన్ని పెంపుడు కుక్కలు, పిల్లులు ఉన్నాయో ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకోండి. వాటిలో ఎన్నింటికి ఈ ఏడాది రేబిస్ టీకా వేశారో కనుక్కుని శాతం కట్టండి. 70 దాటిందా? దాటకపోతే, టీకా వేయించని ఇళ్లవారికి ఈ లెక్క వివరించి చెప్పండి. తెలియని కుక్కల దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఎప్పుడైనా కుక్క కరిస్తే దాచకండి. సబ్బుతో కడగండి, ఇంట్లో చెప్పండి, ఆసుపత్రికి వెళ్లండి.